కుర్చీ వేసిన ఓటు

గంటలు మోగుతున్నాయి. ఈ భవనంలో ఎవరు ఏ మూలనున్నా, టీ తాగుతున్నా, మంగలి కుర్చీలో సగం గడ్డంతో ఉన్నా, గ్రంథాలయంలో పుస్తకం మీద తల వాల్చి కునుకు తీస్తున్నా, వినబడి తీరవలసిన గంటలు. లాబీలు ఖాళీ చెయ్యండి అని స్పీకర్ కుర్చీలోంచి ఇప్పుడే అన్నాను. ఇన్నేళ్ళుగా అదే మాట, అదే గొంతు, అయినా ఇవాళ చివర్లో చిన్న జీర పలికిందేమోనని అనుమానం. ఎవరూ తలెత్తి చూడలేదు కాబట్టి లేదనే అనుకుంటాను. ఆకుపచ్చ తోలు బెంచీల మీంచి సభ్యులు లేచి రెండు పాయలుగా చీలిపోతున్నారు, బిల్లు కావాలనేవాళ్ళు నా కుడిచేతి వైపు లాబీలోకి, వద్దనేవాళ్ళు ఎడమచేతి వైపు లాబీలోకి. వాళ్ళు నడిచి, గుమాస్తాకు పేరు చెప్పి, అవతలి తలుపులోంచి బయటపడుతూ లెక్కకెక్కేదాకా, సమయానికి తలుపులు మూయించడం తప్ప, నాకు పనేమీ లేదు. కూర్చోవాలి. ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా కూర్చోవాలి. శుక్రవారం మధ్యాహ్నం, బయట ఎండ కాసినట్టుంది, పై కిటికీలోంచి వెలుతురు పలచగా దిగి బల్ల మీది బంగారు పూత గద మీద పడుతోంది. ఇలాంటి ఎండ నా భార్య డిలిస్‌కు ఇష్టం. దుప్పట్లు ఆరేసే ఎండ అనేది.

ఈ బిల్లు ఆమెది. ఆ సంగతి ఈ సభలో నాకు తెలుసు, బార్నబీ ఓగ్డెన్‌కు తెలుసు, బిల్లు తెచ్చిన హెస్టర్ బ్లైత్‌కు తెలుసు, ఇంకెవరికీ గుర్తు లేదు. కాగితం మీద మాత్రం హెస్టర్ బ్లైత్ బిల్లు. ఆ అమ్మాయి, అమ్మాయి అనకూడదు, గౌరవ సభ్యురాలు, ఆరు నెలలుగా ఒక్కో సభ్యుణ్ణీ మెట్ల దగ్గర పట్టుకుని బతిమాలి ఇక్కడిదాకా లాక్కొచ్చింది. బిల్లులో ఉన్నది ఒకే ఒక్క మాట. ఇంట్లోనే కన్నుమూయాలనుకున్న మనిషి ఉన్న ఏ ఇంటినుంచైనా రాత్రివేళ పిలుపు వస్తే నర్సు వెళ్ళి తీరాలి. అంతే. డిలిస్ మా హార్డ్‌క్లఫ్‌లో ఇరవై ఏళ్ళు సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగిన నర్సు. పగలు వెళ్ళేది, కట్లు మార్చేది, మందులు చెప్పేది, సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఇప్పుడు వాళ్ళ రాత్రి మొదలవుతుంది విల్ఫ్, తెల్లారేదాకా ఆ ఇంట్లో అందరూ గడియారం వైపే చూస్తుంటారు" అనేది. నేను బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి, అప్పటికింకా పార్లమెంటు మొహం చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక టీ కలిపేవాణ్ణి.

స్పీకర్ నివాసానికి వచ్చాక, ఆ పెద్ద గడియారపు గోపురం కింద, గోడల నిండా చచ్చిపోయిన స్పీకర్ల చిత్తరువులున్న ఆ గదుల్లో, ఆమె టీకి పిలిచిన ప్రతి సభ్యుడికీ ఈ మాట చెప్పింది. కప్పులో టీ పోస్తూ చెప్పేది, పోసే చెయ్యి ఆగేది కాదు. అందరూ తల ఊపారు, బిస్కెట్లు తిన్నారు, వెళ్ళారు. సభకు కొత్తగా వచ్చిన హెస్టర్ మాత్రం బిస్కెట్ తినడం మరిచిపోయింది. నేను ఆ గదిలోనే కిటికీ దగ్గర నిలబడి నదిని చూస్తున్నాను. విననట్టే ఉన్నాను. స్పీకర్ వినకూడదు, విన్నా విన్నట్టు కనబడకూడదు. ఆ రాత్రి డిలిస్, "బాగా నిలబడ్డావు, కొంగలాగా" అంది.

పుదీనా బిళ్ళ తగిలింది, నల్ల గౌను జేబులో. డిలిస్ రోజూ ఒకటి వేసి పంపేది, గొంతు ఆరిపోకుండా. ఆమె పోయాక మొదటిసారి సభకు వచ్చిన రోజు అలవాటుగా జేబులో చెయ్యి పెట్టి, ఉండదని తెలిసీ పెట్టి, వేళ్ళకు అది తగిలేసరికి ప్రార్థన సమయంలో ఇక్కడి ఆచారం ప్రకారం గోడవైపు తిరిగి నిలబడిన అందరితో పాటు నేనూ గోడవైపే కాసేపు ఎక్కువ నిలబడిపోయాను. ఎవరు పెట్టారో అడగలేదు. గౌను తొడిగే ముసలాయన డాసన్ ముఖం ఎప్పటిలాగే పలకలా ఉంది. నాలుగేళ్ళయింది, ఒక్కరోజు తప్పలేదు. లోకంలో కొన్ని దయలు పేరు చెప్పుకోవు, అడిగితే ఎగిరిపోతాయి.

లాబీల్లోంచి చెప్పుల చప్పుడు వస్తోంది. నేనూ ఒకప్పుడు ఆ చప్పుడులో ఉన్నవాణ్ణే. నేనూ బార్నబీ ఒకే ఎన్నికలో గెలిచి, ఒకే రైల్లో వచ్చి, వంతెన అవతల ఒకే గది అద్దెకు తీసుకున్నాం, చలికాలం ఒకే హీటరు ముందు నాలుగు కాళ్ళు పెట్టుకుని మర్నాటి ప్రసంగాలు ఒకరికొకరు వినిపించుకునేవాళ్ళం. వాడు సాసేజీలు మాడ్చేవాడు, నేను తినేవాణ్ణి. సభ నన్ను స్పీకర్‌గా ఎన్నుకున్న రోజు, ఆచారం ప్రకారం ఇద్దరు సభ్యులు నా రెక్కలు పట్టుకుని కుర్చీ దాకా ఈడ్చుకు రావాలి, నేను రానని పెనుగులాడాలి. పూర్వం ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళ తలలు కొన్ని రాజుల కోపానికి ఎగిరిపోయాయి, అందుకని ఆ పెనుగులాట. ఎడమ రెక్క పట్టుకున్నవాడు బార్నబీ. "గట్టిగా గింజుకో, జనం చూస్తున్నారు" అన్నాడు చెవిలో. నేను నవ్వాను. అదే మా ఆఖరి నవ్వు, అంటే సభలో, పదిమంది చూస్తుండగా. ఆ రోజే పార్టీకి రాజీనామా చేశాను. ఆ తర్వాత సభ్యుల టీ గదిలోకి వెళ్ళలేదు, భోజనాల గదిలోకి వెళ్ళలేదు, ఏ వైపు బెంచీలోని స్నేహితుడితోనూ వరండాలో ఒక నిమిషం కంటే ఎక్కువ నిలబడలేదు. ఎవరూ వద్దనలేదు. కానీ ఎవరితో నిలబడ్డా ఇంకెవరో చూస్తారు.

మా ఊళ్ళో మిల్లు వీధిలో మిసెస్ హెబ్డెన్ ఒకసారి వాకిట్లోనే నన్ను నిలేసింది. "ఓటు కాగితం మీద నీ పేరు పక్కన పార్టీ లేదు, గుర్తు లేదు, స్పీకర్ అని ఉంది. నీమీద పెద్ద పార్టీలేవీ నిలబడవు. మేం నీకే వేస్తాం, సరే. మరి మా తరఫున నువ్వక్కడ నోరు తెరవవేమిటయ్యా? నోరు మూసుకోడానికి కూడా జీతమిస్తారా?" ఇస్తారమ్మా అన్నాను. పక్కింటావిడ నవ్వింది, మిసెస్ హెబ్డెన్ నవ్వలేదు. ఆ తర్వాత శీతాకాలం ఆవిడ భర్త పోయాడు, ఇంట్లోనే, రాత్రిపూట, ఆవిడ ఒక్కతే దీపం దగ్గర. దేశంలో ఊరూరికీ ఒక ఓటుంది ఈ సభలో, నా ఊరికి తప్ప. ఆ లోటు నాకు తెలుసు, రోజూ ఆ లోటు మీదే కూర్చుంటాను.

కానీ కూర్చున్నాను. అది చెప్పుకోవాలి, నాలో నేనైనా. నేను లేచి నిలబడితే సభ అంతా కూర్చోవాలి, అది నియమం. ముగ్గురు ప్రధానమంత్రులు నేను లేవగానే మాట మధ్యలో తుంచుకుని కూర్చున్నారు, ఒకాయన పళ్ళు కొరికాడు, కానీ కూర్చున్నాడు. నత్తి ఉన్న ఒక కొత్త సభ్యుడు మొదటి ప్రసంగంలో ఒక మాట దగ్గర ఆగిపోతే, సభలో ఎవరి గొంతూ లేవకుండా ఈ కళ్ళతోనే పట్టి ఉంచాను, ఆ మాట వచ్చేదాకా, వచ్చింది. ఒక వారంలో రెండు పార్టీల పత్రికలూ నన్ను అవతలి పక్షం మనిషని తిట్టాయి. డిలిస్ రెండూ పక్కపక్కన పెట్టి చదివి, "రెండు చెంపలూ సమానంగా ఎర్రబడ్డాయి, ఇంక నిశ్చింతగా పడుకో" అంది. రోజూ నేను ఇల్లు చేరగానే కోటు తీసుకుంటూ ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. ఎవరైనా కనిపెట్టారా? ఇవాళ నీ మనసు ఎటు మొగ్గిందో ఎవరైనా కనిపెట్టారా? లేదు అనేవాణ్ణి. అయితే రా, అన్నం చల్లారిపోతోంది అన్నట్టుగా లోపలికి దారి ఇచ్చేది.

ఎవరో కుర్చీ పక్కకు వచ్చారు. ఓట్ల సమయంలో సభ్యులు ఇలా వచ్చి చెవిలో ఏదో అడగడం మామూలే. కర్ర చప్పుడును బట్టే తెలిసింది, బార్నబీ. ముఖం చెమటలు.

"స్పీకర్ గారూ" అన్నాడు. ఊపిరి తీసుకుని, ఇన్నేళ్ళుగా ఈ గదిలో అనని మాట అనేశాడు. "ఒరేయ్ విల్ఫ్, కొంప ముంచాన్రా."

నేను తల తిప్పలేదు. "చెప్పండి, గౌరవ సభ్యులు."

"గౌరవమా నా బొందా. ఆ పెంబర్టన్ తన కుక్క ఈనిందని చెబుతుంటే వింటూ పక్కనే నడిచాను. పిల్లలట, ఒక్కోదాని రంగూ చెబుతున్నాడు. పేరు రాయించుకుని తలుపు దాటాక చూస్తే చుట్టూ ఉన్నవాళ్ళంతా వద్దనేవాళ్ళే."

పెంబర్టన్ ఈ బిల్లును వద్దంటున్న వాళ్ళకు పెద్ద. మంచి మనిషే, లెక్కల మనిషి, అన్ని ఇళ్ళకూ పంపడానికి అంతమంది నర్సులు ఎక్కడున్నారని ఇవాళ పొద్దున ముప్పావుగంట అడిగాడు. కుక్కల దగ్గర మాత్రం మెత్తన.

"పేరు కొట్టేయమంటే కొట్టేయరా?" అన్నాడు బార్నబీ.

"కొట్టేయరు. మీకు తెలుసు."

"మరేం చెయ్యను?"

"తలుపులు మూసేలోగా అవతలి లాబీలోకి కూడా వెళ్ళవచ్చు. రెండు చోట్లా లెక్కలోకి వస్తారు."

"అంటే దానికీ దీనికీ చెల్లు. నేను రానట్టే."

"వచ్చినట్టే. రెండుసార్లు."

"వెక్కిరింపులు తర్వాత చేద్దువుగాని. ఈ మోకాలుతో ఆ చివరిదాకా కుంటాలి. తలుపులు ఒక్క చిటికె ఆలస్యంగా..." అని నా ముఖంలోకి చూసి ఆగాడు.

"సమయానికే మూస్తారు, గౌరవ సభ్యులు."

వెళ్ళాడు. కర్ర టకటకలు కుడివైపు లాబీలోకి దూరమవుతుంటే నేను ఎదురుగా ఉన్న గడియారాన్ని చూస్తున్నాను. తలుపులు మూయండి అనే రెండు మాటలు నా నాలుక మీదున్నాయి. ఒక గుటక మింగి అంటే సరిపోతుంది, దగ్గు వచ్చినట్టు నటిస్తే సరిపోతుంది, ఈ కుర్చీలో కూర్చున్న ముసలాడు దగ్గితే ఎవరేమంటారు. గొంతులో నిజంగానే దగ్గు వస్తోంది. దేహం ఎంత గడుసుది, అడగకుండానే సాయం చేస్తానంటుంది. ముల్లు గీత మీదికొచ్చింది. "తలుపులు మూయండి." గొంతు స్పష్టంగా వచ్చింది. తలుపు మూసుకుంటున్న చప్పుడుకు ముందు కర్ర గడపకు తగిలిన చప్పుడు వినబడిందో, వినబడాలని నేను కోరుకున్నానో తెలియదు.

మా నాన్న శనివారాల్లో మిల్లు జట్ల క్రికెట్ పోటీలకు అంపైరు. తెల్లకోటు వేసుకునేవాడు, మా అమ్మ ఆ కోటుకు గంజి పెట్టేది. నాకు పదిహేడేళ్ళప్పుడు మా జట్టు గెలవడానికి ఇంకొద్ది పరుగులుండగా బంతి నా కాలికి తగిలింది. బౌలరు సరిగా అరవను కూడా అరవలేదు, అంపైరు కొడుకని మొహమాటపడ్డాడు. అయినా అడిగాడు, అడిగితే చెప్పాలి. నాన్న వేలు పైకి లేచింది. ఓడిపోయాం. ఆ రాత్రి అమ్మ నాన్నకు పుడింగు పెట్టలేదు, నాకు రెండు ముక్కలు పెట్టింది. నాన్న ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని, "బ్యాటు పట్టుకున్నది నా కొడుకని నాకు తెలుసు. వికెట్టుకు తెలియదుగా" అన్నాడు. నేను నా రెండో ముక్క ఆయన పళ్ళెంలోకి జరిపాను. అమ్మ చూసింది, చూడనట్టు గిన్నెలు సర్దింది.

అమ్మలాంటిదే ఎఫువా, డిలిస్ చివరి నెలలో రాత్రులు వచ్చిన నర్సు. ఘానా నుంచి వచ్చిన మనిషి, డిలిస్‌ను ముట్టుకునే ముందు టీ కుండ చుట్టూ చేతులు పెట్టి వేడి చేసుకునేది. "మా ఊళ్ళో చల్లటి చేతుల కోడల్ని అత్త ఇంట్లోకి రానివ్వదు సార్" అని నవ్వేది. ఆ చేతుల్లో డిలిస్ నొప్పి తగ్గి పడుకునేది. ఒకసారి కళ్ళు తెరిచి, "ఇంత పెద్ద ఇంట్లో ఉన్నాను కాబట్టి నాకు ఎఫువా వచ్చింది. మిల్లు వీధిలో ఆవిడకు ఎవరొస్తారు?" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మాట ఇమ్మని ఆమె అడగలేదు. అడిగితే ఇవ్వలేనని తెలుసు కాబట్టి అడగలేదు. నాకు దక్కిన దయల్లోకెల్లా పెద్దది అదే అనిపిస్తుంది.

జనం తిరిగి వస్తున్నారు, బెంచీలు నిండుతున్నాయి. హెస్టర్ బ్లైత్ తన చోట అంచున కూర్చుంది, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య. ఓట్లు లెక్కించిన నలుగురూ సభ మధ్యలోకి వచ్చారు. గెలిచిన పక్షం వాళ్ళు కుడివైపు నిలబడాలి, వాళ్ళు నిలబడిన తీరును బట్టే అంకె చదవకముందే ఫలితం తెలిసిపోతుంది. ఇవాళ నలుగురూ ఒకరినొకరు చూసుకుంటున్నారు, పెళ్ళి విందులో ఎవరు ముందు కూర్చోవాలో తేలని బంధువుల్లా ఒకడు అటు జరుగుతాడు, ఒకడు ఇటు జరుగుతాడు. సభలో ఎవరో నవ్వి ఆపేశారు. నాకు అర్థమైంది. బల్ల దగ్గర విగ్గు పెట్టుకుని కూర్చున్న సభా కార్యదర్శి ఫెన్విక్ అప్పటికే లేచి నా వైపు తిరిగాడు.

"కావాలన్నవారు నూట ముప్పై ఒకరు. వద్దన్నవారు నూట ముప్పై ఒకరు." నలుగురిలో ఒకడు చదివాడు.

బార్నబీ కుడివైపు తలుపు దగ్గర కర్ర మీద వాలి నిలబడ్డాడు. అందాడన్నమాట. అందకపోతే ఒక్క ఓటుతో ఓడేది, దారి తప్పకపోతే ఒక్క ఓటుతో గెలిచేది. మధ్యలో కుక్కపిల్లలు. స్పీకర్ ఓటు వేసేది ఇలా సరిసమానంగా వచ్చినప్పుడే. ఇప్పుడు ఓటు నాది.

"స్పీకర్ గారూ, ఇది ఆఖరి దశ కాబట్టి..." ఫెన్విక్ గొంతు తగ్గించాడు.

"తెలుసు, ఫెన్విక్."

తెలుసు. తొలి దశల్లో సరిసమానంగా వస్తే కుర్చీ చర్చ సాగనిస్తుంది. ఆఖరి మెట్టు మీద సరిసమానంగా వస్తే ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచుతుంది. సభ పుట్టించని మెజారిటీని కుర్చీ పుట్టించకూడదు. నాకు ముందు ఇక్కడ కూర్చున్నవాళ్ళు అలాగే చేశారు, గోడల మీది ఆ చచ్చిపోయిన వాళ్ళంతా. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా ఓటు వేసే సందర్భం రాలేదు, ఇదే మొదటిది, ఈ సమావేశాలు ముగియగానే దిగిపోతున్నాను కాబట్టి ఆఖరిది కూడా. ఒక్క ఓటు. దాన్ని ఆమెకు ఇవ్వవచ్చు. చట్టం నన్ను ఆపదు, కుర్చీలోంచి ఎవరూ లాగెయ్యరు, రేపటి పత్రికలు మెచ్చుకుంటాయేమో కూడా, ముసలి స్పీకర్ మనసు విప్పాడని. మిల్లు వీధిలో దీపం. టీ కుండ చుట్టూ ఎఫువా చేతులు. గంజి పెట్టిన తెల్లకోటు. ఇన్నేళ్ళు పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నవాళ్ళంతా నా మాటకు కూర్చోలేదు, ఈ కుర్చీకి ఇష్టాయిష్టాలు లేవన్న నమ్మకానికి కూర్చున్నారు. ఒక్కసారి ఇష్టం బయటపడితే, ఆ నమ్మకం నా తర్వాత వచ్చేవాళ్ళకు మిగలదు. ఇవాళ మన ఇష్టం, రేపు ఇంకొకరి ఇష్టం. వికెట్టుకు తెలియదుగా.

లేచాను. సభ అంతా కూర్చుంది.

"ఓట్లు సమానం. ఆఖరి దశలో సభ తనంతట తాను ఒక నిర్ణయానికి రాలేనప్పుడు ఉన్నదాన్ని మార్చకూడదన్నది ఈ కుర్చీ ఆచారం. ఆ కారణంగా నా ఓటు వద్దన్నవారితో. బిల్లు వీగిపోయింది."

గెలిచినవాళ్ళు కూడా కేరింతలు కొట్టలేదు. హెస్టర్ బ్లైత్ లేచింది. ఆమె కళ్ళు నా మీద ఉన్నాయి, ఆ కళ్ళలో కోపం ఉంటే భరించేవాణ్ణి, ఉన్నది మర్యాద.

"నియమం గురించి ఒక సందేహం, స్పీకర్ గారూ. ఈ బిల్లును వచ్చే సమావేశాల్లో మళ్ళీ తీసుకురావచ్చా?"

"తీసుకురావచ్చు. గౌరవ సభ్యురాలిని ఏ నియమమూ అడ్డుకోదు."

ఆమె తలవంచి నమస్కరించింది, నాకు కాదు, కుర్చీకి. నేనూ తల వంచాను, కొంచెం ఎక్కువే వంచానేమో. వచ్చే సమావేశాలకు ఇక్కడ ఇంకెవరో ఉంటారు. దిగిపోయిన స్పీకరుకు పైసభలో చోటిస్తారు, అక్కడ మాట్లాడవచ్చు. ఇన్నేళ్ళ తర్వాత నాకొక అభిప్రాయం ఉండవచ్చు, దాన్ని బిగ్గరగా చెప్పవచ్చు, మిసెస్ హెబ్డెన్‌కు జవాబు చెప్పవచ్చు.

సభ ముగిసింది. తలుపుల దగ్గర కాపలావాళ్ళు ఎప్పటిలాగే కేక వేశారు. ఇంటికి ఎవరు వెళుతున్నారు? పూర్వం దొంగల భయానికి సభ్యులు గుంపుగా కలిసి వెళ్ళడానికి వేసిన కేక, దొంగలు పోయినా కేక పోలేదు. నాలుగేళ్ళుగా అది విన్నప్పుడల్లా నేను మనసులో, ఏ ఇంటికి, అనుకునేవాణ్ణి.

దారిలో పెంబర్టన్ పక్కకు ఒదిగి నిలబడి చిన్నగా అన్నాడు. "సరైన తీర్పు, స్పీకర్ గారూ. మనసులో మీరు మా వైపేనని నాకు ఎప్పటినుంచో అనుమానం."

"మీ కుక్కకు పిల్లలు పుట్టాయటగా" అన్నాను. "శుభం."

కుర్చీ వెనక వరండాలో బార్నబీ గోడకానుకుని ఉన్నాడు. డాసన్ గౌను అంచు వదిలి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వెళ్ళిపోయాడు. మనిషి ఏదీ మరిచిపోడు.

"చంపేశాను కదరా" అన్నాడు బార్నబీ. "డిలిస్ మా అమ్మకు నెల రోజులు సేవ చేసింది. నేను కుక్కపిల్లల రంగులు వింటూ నడిచాను."

"నువ్వొక్కడివే చంపలేదు. నా ఓటు కూడా ఉంది."

"నీది ఓటేమిట్రా. కుర్చీది." ముక్కు తుడుచుకున్నాడు. "ఒక మాట చెప్పనా? అంకె చదివిన దగ్గర్నుంచీ నీ ముఖమే చూస్తున్నాను. నీతో ఒకే గదిలో బతికినవాణ్ణి, నీ పెళ్ళిలో నీ పక్కన నిలబడ్డవాణ్ణి. నువ్వు నోరు తెరిచేదాకా నాక్కూడా తెలియలేదు. నువ్వసలు ఇది కావాలనుకున్నావా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది."

జేబులోని పుదీనా బిళ్ళ తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని చూశాడు, ఎక్కడిదో గుర్తుపట్టాడు, నోట్లో వేసుకున్నాడు. ఇద్దరం నడిచాం. వాడి మోకాలికి తగ్గట్టు నెమ్మదిగా, స్పీకర్ నివాసం తలుపు దాకా. ఎవరైనా చూస్తే చూడనీ.

లోపల ఎండ మేజా మీదికి జారి ఉంది. కోటు నేనే తీసి కొక్కేనికి తగిలించాను. కాసేపు అలాగే నిలబడ్డాను, వీపు నిటారుగా, ఆమె అడిగేదాకా.

లేదు, డిలిస్. బార్నబీ కూడా కనిపెట్టలేదు.